సగం చేసి ఇచ్చిన బొమ్మ

పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చారంటే తల్లులకు సెలవులు అయిపోయాయన్నమాటే. బడి ఉన్నన్నాళ్లూ పగటిపూట ఇల్లు ఇల్లులా ఉంటుంది. సెలవులు వచ్చిన మూడోనాటికల్లా "అమ్మా, నాకేం తోచడం లేదు" అనే పాట మొదలవుతుంది. ఆ పాటకు పల్లవే తప్ప చరణాలుండవు. దానికి మందు అన్నట్టుగా ఈ రోజుల్లో బజారులో అట్టపెట్టెలు అమ్ముతున్నారు. పెట్టె విప్పితే ముందే కత్తిరించిన కాగితాలు, ముందే గీసిన గీతలు, ఏ గడిలో ఏ రంగు వెయ్యాలో చెప్పే అంకెలు, పని పూర్తయ్యాక ఎలా కనపడాలో పెట్టె మీద ఫొటో. పిల్ల చెయ్యవలసిందల్లా అతికించడమే. అరగంటలో బొమ్మ తయారవుతుంది. ఆపైన మళ్లీ అదే పల్లవి.

ఆ పెట్టెల మీద నాకేమీ కోపం లేదు. వాటిని తయారుచేసేవాళ్లూ బతకాలి గదా! కానీ వాటిని చూసినప్పుడల్లా నాకు మా చిత్తూరు జిల్లా ఇళ్లల్లో ఒకప్పుడు కనిపించిన ఎర్రటి కొయ్యబొమ్మల జంట గుర్తొస్తుంది. తిరుపతి బొమ్మలు అనీ, మరపాచి బొమ్మలు అనీ అనేవాళ్లం. మరం అంటే అరవంలో కొయ్య. సరిహద్దు జిల్లా కదా, మా మాటల్లో అరవమూ తెలుగూ ఇరుగుపొరుగుల్లా కలిసి ఉంటాయి. ఆ బొమ్మ అందానికి మీకు చెప్పడం లేదు. నిజం చెప్పాలంటే అది అంత అందగత్తె కూడా కాదు. దాని గొప్పతనమల్లా ఒక్కటే. బొమ్మలవాడు దాన్ని సగమే చేసి వదిలేసేవాడు. మిగిలిన సగం ఇంట్లో పిల్ల చెయ్యాలి.

మీలో చూడనివాళ్ల కోసం చెబుతాను. ఒకే కొయ్యముక్కలో చెక్కిన ఆడబొమ్మ, దానికి జతగా మగబొమ్మ. వేలెడంతవి ఉండేవి, జానెడువి ఉండేవి, మూరెడువి కూడా ఉండేవి. కళ్లు, ముక్కు, నోరు నాలుగు ఉలిదెబ్బల్లో తేల్చేసేవారు. ఆడబొమ్మకు కొప్పు, మగబొమ్మకు తలపాగా. వెనకవైపు పెద్ద పనితనమేమీ ఉండదు. చీర లేదు, పంచె లేదు, నగ లేదు, బొట్టు లేదు. కొని తెచ్చిన బొమ్మను చూస్తే "అయ్యో పాపం, దీనికి ఎవరైనా ఏదైనా కట్టండమ్మా" అనిపించేలా ఉండేది. అలా అనిపించడంలోనే ఉంది కిటుకంతా.

ఇక దాని కొయ్య సంగతి. తిరుమల ఏడుకొండలూ శేషాచలం అడవుల్లోవి. ఆ కొండల్లోనూ, కడప వైపు పాలకొండలు, వెలికొండల్లోనూ పెరిగే ఎర్రచందనంతో ఈ బొమ్మలు చేసేవారు. రక్తచందనం అని కూడా అంటారు. చందనమని పేరే గాని దానికి సువాసన ఉండదు. శ్రీగంధానికి అది చుట్టం కూడా కాదు, వేగిస చెట్టుకు దాయాది. తూర్పు కనుమల దక్షిణపు కొసన, అంటే మన రాయలసీమలోనూ దాన్ని ఆనుకున్న ప్రాంతాల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా ఆ చెట్టు సహజంగా పెరగదు. బాగా నిదానంగా పెరుగుతుంది. లోపలి ఎర్రటి చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ చేవ ఎంత బరువంటే, సాధారణంగా కొయ్య నీళ్లమీద తేలుతుంది గదా, ఇది మునిగిపోతుంది. అందుకే చంటిపిల్ల నేలకేసి కొట్టినా ఆ బొమ్మకు ఏమీ అయ్యేది కాదు. నేలకే ఏదైనా అయ్యేది.

ఆ బొమ్మ ఊరూరా ఎలా చేరిందో ఊహించడం కష్టం కాదు. తిరుమలకు మొదటి ఘాట్‌రోడ్డు పడింది 1944లో. అంతకుముందు కొండెక్కాలంటే అలిపిరి నుంచి మూడున్నరవేల పైచిలుకు మెట్లు కాలినడకన ఎక్కాలి. కాళ్లు లేనివాళ్లకూ, డబ్బున్నవాళ్లకూ డోలీ. అలా వెళ్లినవాళ్లు తిరుగుప్రయాణంలో మట్టిబొమ్మ కొంటే ఇల్లు చేరేలోగా మట్టి ఒకచోట, బొమ్మ ఒకచోట. కొయ్యబొమ్మ అయితే మూటలో ఓ మూల పడి ఉంటుంది. పైగా తిరుమలకు సంసారాలు పిల్లలతో వెళ్లేది చాలావరకు పుట్టువెంట్రుకలు తీయించడానికే. మంగలి కత్తి చూసి గుక్కపట్టి ఏడ్చి, గుండు చేయించుకుని, గంధం పూయించుకుని ఇంకా వెక్కుతున్న పిల్లను సముదాయించాలంటే చేతిలో ఏదో ఒకటి పెట్టాలా? ఆ ఏడుపులే ఎన్ని బొమ్మలను అమ్మిపెట్టాయో!

బొమ్మ ఇంటికి వచ్చాక అసలు పని మొదలయ్యేది. దర్జీ దగ్గర పారేసిన రవికల ముక్కలు ఏరుకొచ్చి చీర కట్టాలి. అమ్మ పాతచీర అంచులోంచి ఊడిన జరీ పోగు వడ్డాణమయ్యేది. తెగిన దండలోని పూసలు, చాక్లెట్టు చుట్టిన తళుకు కాగితం, పిసరంత కాటుక, చిటికెడు కుంకుమ, అతికించడానికి మైదా ఉడికించిన జిగురు. సూదిలో దారం ఎక్కించడం, కుచ్చిళ్లు సమంగా పెట్టడం, చిన్న బొమ్మకు ఎంత గుడ్డ పడుతుందో కొలుచుకోవడం, ఇవన్నీ బొమ్మ ఒళ్లో కూర్చునే వచ్చేవి. "కుట్టుపని నేర్చుకో" అని కూర్చోబెడితే పారిపోయే పిల్ల, "దీనికి రవిక లేదే, చలేస్తుంది పాపం" అంటే గంటసేపు కదిలేది కాదు.

రవికలయ్యాక పెళ్లి. మా ఇంట్లో ఆడబొమ్మ ఉంటే పక్కింట్లో మగబొమ్మ. తాటాకుతో పందిరి, ఆవిరికుడుములంత పీటలు, పప్పుబెల్లాలతో విందు. మగపెళ్లివారు వచ్చి కూర్చున్నాక "మా పిల్లవాడికి ఉంగరమేదీ? వాచీ ఏదీ?" అని అలిగేవారు. ఆ అలకలు ఏ నాటకంలో చూసి నేర్చుకున్నారో అడగనక్కర్లేదు. పెద్దలు ఆడే నాటకమేదో ఇంట్లోనే ఆడుతుండేది కదా! అంటే కుట్టు, అల్లిక, అలంకారం, పాట, వంట, లెక్క, నటన, ఇన్ని కళలకు ఆ కొయ్యముక్క ఒక్కటే పలకాబలపం.

బొమ్మల కొలువు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కోస్తాలో చాలా ఇళ్లల్లో సంక్రాంతికి పెడతారు, మా వైపు దసరాకు. మూడో, అయిదో, ఏడో, బేసి సంఖ్యలో మెట్లు కట్టి, పైమెట్టు మీద కలశం దగ్గర ముందుగా పెట్టేది ఈ కొయ్య జంటనే. ఆడపిల్లకు పెళ్లి చేసినప్పుడు పుట్టింటివారు ఒక జంటను సారెలో పెట్టి పంపేవారు. అత్తవారింట ఆ పిల్ల పెట్టబోయే కొలువుకు అవే మొదటి బొమ్మలు. మంగళకరమని అంటారు. మంచిదే. కానీ ఆ ఆచారం వెనక మరో సంగతి ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తోచింది. తోపించింది మా అవ్వ.

మా అవ్వకు తొమ్మిదో ఏట పెళ్లి అయింది. అప్పటికి శారదా చట్టం రాలేదు. ఆ చట్టం 1929లో పుట్టి, 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండనిదే పెళ్లి చెయ్యకూడదంది. ఆడపిల్ల వయసును 18కి పెంచింది 1978లో. అవ్వ పెళ్లినాటికి ఇవేవీ లేవు. కాపురానికి పంపడం తర్వాతే అయినా, పండగలకూ పబ్బాలకూ అత్తవారింటికి తీసుకెళ్లేవారట. సారెలో వచ్చిన బొమ్మల జంట కూడా వెంట వెళ్లేది. "అంతమందిలో నీకు భయం వెయ్యలేదా అవ్వా?" అని అడిగాను ఒకసారి, ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని.

"ఎందుకెయ్యదే? ఆ ఇంట్లో అందరూ నాకు చెప్పేవాళ్లే. నేను చెప్పినట్టు విన్నది ఆ బొమ్మలిద్దరే" అంది అవ్వ. చెప్పి, మళ్లీ చిక్కుడుకాయల్లో పడిపోయింది.

నేను మాత్రం ఆ మాటలోంచి ఇంకా బయటపడలేదు. పెళ్లికూతురికి ఆటబొమ్మ ఎందుకు ఇచ్చారు? ఆ పెళ్లికూతురు ఇంకా ఆడుకునే పిల్ల గనక. ఆచారం ఎలా పుట్టిందో పండితులు ఏం చెబుతారో గాని, నాకు మాత్రం అందులో ఒక తల్లి కనిపిస్తుంది. కూతురి పెళ్లి ఆపడం ఆమె చేతుల్లో లేదు. కూతురి ఆటను మాత్రం మూటకట్టి వెంట పంపగలిగింది. పిల్లచేతికి పని కల్పించే బొమ్మను, ఎవరూ పలకరించని మధ్యాహ్నాల్లో కూర్చోబెట్టి చీర కట్టగలిగే బొమ్మను పంపింది. పూర్తిగా తయారైన బొమ్మయితే చూసి పక్కన పెట్టేస్తారు. సగం చేసిన బొమ్మ రోజుకొకరకంగా సింగారించమంటుంది. అందుకనే ఆ బొమ్మ ఆటను నేను కేవలం బంగారుకాలపు ముచ్చటగా చెప్పలేను. ఆ ఆటలో పిల్లలు నేర్చుకున్న కళ ఎంత నిజమో, ఆడుకునే వయసులోనే వాళ్ల ఆట నిజమైపోవడం కూడా అంతే నిజం. మగపిల్లలు చెయ్యి పెడితే "ఛీ, ఆడంగివాడా" అని వెక్కిరించడమూ నిజమే. ఇప్పుడు మనం ఆ ఆటను మళ్లీ పిలుచుకుంటే, కళను రానిచ్చి మిగతాదాన్ని గుమ్మం బయటే నిలబెట్టవచ్చు.

పిల్ల చేతికి పని ఉండాలన్న సంగతి మన అవ్వలే కనిపెట్టారని నేననడం లేదు. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్లో చంటిపిల్లల బడి పెట్టాడు. తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అంటే 'పిల్లల తోట' అని పేరు పెట్టింది ఆయనే. ఆ బడిలో పిల్లలకు ఉన్నిబంతులు, కొయ్యగుండు, కొయ్యదిమ్మె, చిన్నచిన్న ముక్కలుగా విడిపోయే దిమ్మెలు ఇచ్చేవారు. వాటికి ఆయన పెట్టిన పేరు 'కానుకలు'. ఆ ముక్కలు వాటంతట అవి ఏ బొమ్మా కావు. పిల్లవాడు పేరిస్తే ఇల్లవుతాయి, మళ్లీ పేరిస్తే వంతెన అవుతాయి.

ఇటలీ దేశపు మాంటిస్సోరీ అమ్మగారైతే మనకు ఇంకా దగ్గరివారు. 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇంతలో యుద్ధం ముదిరింది. ఇటలీ శత్రుపక్షంలో చేరడంతో బ్రిటిషు ప్రభుత్వం ఆవిడను కదలనివ్వలేదు. కొంతకాలం కొడైకెనాలులో గడిపారు. అలా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆవిడ పద్ధతిలో ప్రతి వస్తువుకూ ఒక క్రమం, ఒక కొలత ఉంటాయి. మన మరపాచి ఆటలో క్రమమూ లేదు, కొలతా లేదు. కానీ ఇద్దరూ ఒప్పుకునే మాట ఒకటుంది. పెద్దవాళ్లు చెయ్యి అడ్డుపెట్టి పని పూర్తి చేసెయ్యకూడదు. చూస్తూ కూర్చోవడానికి చాలా ఓపిక కావాలి సుమా! పిల్ల సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతుంటే మన వేళ్లు దురద పెడతాయి. ఆ దురదను ఆపుకున్న తల్లే పిల్లకు నిజంగా నేర్పినట్టు.

మరి ఆ బొమ్మ ఏమైందంటారా? ప్లాస్టిక్ బొమ్మలు వచ్చి దాన్ని సగం తోసేశాయి. మిగిలిన సగం చెట్టుకు వచ్చిన కష్టం. ఎర్రచందనం చేవలోని రంగుకోసం కుంఫిణీ కాలం నుంచే ఓడల్లో విదేశాలకు తీసుకెళ్లారు. జపానువాళ్ల షామిసెన్ అనే తంత్రీవాద్యానికి ఈ కొయ్య ఎంతో శ్రేష్ఠమట. చైనాలో ఖరీదైన పెట్టెలు, కుర్చీలు దీనితో చేస్తారు. గిరాకీ పెరిగినకొద్దీ దొంగనరుకుడు పెరిగింది. 1995లో అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉంచవలసిన జాతుల జాబితాలో ఈ చెట్టును చేర్చారు. 2010లో శేషాచలం అడవులను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అయినా పేపరు తిరగేస్తే ఎర్రచందనం దుంగలు పట్టుబడ్డ వార్త కనపడుతూనే ఉంటుంది. పిల్లల చేతిలో జానెడు బొమ్మగా ఉండవలసిన కొయ్య పేరు చెబితే ఇప్పుడు పోలీసు బండి గుర్తొస్తుంది. బొమ్మలవాడు వాడుకున్నది ఎంతని! లారీలకు లారీలు తరలించుకుపోయినవాళ్ల పుణ్యమా అని అతనికి ముక్క దొరకడమే గగనమైంది.

చెక్కే చేతులు మాత్రం మాయమైపోలేదు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు దగ్గర మాధవమాల అని ఒక ఊరుంది. అక్కడి కుటుంబాలు తరతరాలుగా కొయ్యతో దేవతామూర్తులు చెక్కుతున్నాయి. తిరుపతిలో దేవస్థానంవారి శిల్ప శిక్షణ సంస్థలో కొయ్యశిల్పం నేర్పుతున్నారు. మరపాచి బొమ్మలు కూడా బజారులో దొరుకుతాయి గాని, వాటిలో చాలావరకు వేరే కొయ్యకు ఎర్రరంగు పులిమినవే. నన్నడిగితే అందులో తప్పేమీ లేదు. అడవిలో చెట్టు నిలబడి ఉండటం బొమ్మకంటే ముఖ్యం. రంగు మాత్రం చంటిపిల్లల నోట్లో పెట్టుకోదగ్గదో కాదో అడిగి కొనండి.

కొనకపోయినా పోయిందేమీ లేదు. మనకు కావలసింది ఎర్రచందనం కాదు, సగం చేసిన బొమ్మ. అది మీ వంటింట్లోనే ఉంది. పప్పుగుత్తిని ఒకసారి తలకిందులుగా నిలబెట్టి చూడండి. గుండ్రటి తల, సన్నటి ఒళ్లు. కళ్లు గీస్తే మనిషి, గుడ్డ చుడితే పెళ్లికూతురు. పాత చెక్కగరిటె, మొక్కజొన్న కండె, తాటిబుర్ర, దారమైపోయిన ఉండ, అన్నీ మరపాచులే. ఒక పాత డబ్బాలో గుడ్డముక్కలు, గుండీలు, తళుకు కాగితాలు, ఊలుపోగులు వేసి పిల్లలకు అందేటట్టు కింద అరలో పెట్టండి. "ఏం చెయ్యాలి?" అని అడిగితే చెప్పకండి. "దీనికేం కావాలో దాన్నే అడుగు" అనండి.

మా ప్రాంతంలోనే మరో విద్య ఉంది, అది పిల్లలకు ఇంద్రజాలంలా ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ మీకు చీరల మీద తెలిసే ఉంటుంది. ఈ శతాబ్దం మొదట్లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకప్పుడు ఆ కళ కొడిగట్టే స్థితికి వస్తే, అఖిల భారత హస్తకళల బోర్డు అధ్యక్షురాలు కమలాదేవీ చటోపాధ్యాయ పూనుకోవడంతో 1950ల చివర కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ నేర్పిన పెద్దలలో జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు ఒకరు. ఆయన కుమారుడు గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల కలం అంటే మరేమీ కాదు, వెదురుపుల్లకు ఉన్నిగాని గుడ్డగాని చుట్టి దారంతో కట్టింది. పిండితే రంగు దిగుతుంది. వాళ్ల నల్లసిరా పేరు కసిమి. బెల్లం, ఇనుపముక్కలు నీళ్లలో మూడువారాలు ఊరబెడితే వస్తుంది. గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వువల్ల సిరా పక్కలకు పాకదు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపెక్కుతుంది. ఐరోపాలో సింధూర వృక్షపు కాయబుడిపెలతో శతాబ్దాల తరబడి చేసుకున్న రాతసిరాలో ఉన్న కిటుకు కూడా ఇదే.

దీన్ని ఇంట్లో చెయ్యవచ్చు. తుప్పు మేకులు నాలుగు, గుప్పెడు బెల్లం, నీళ్లు ఒక మట్టి పిడతలో వేసి, మూత వదులుగా పెట్టండి. బిగిస్తే లోపల గాలి పొంగుతుంది. మేకులు పెద్దవాళ్లే వెయ్యాలి. వాసన వస్తుంది గనక పెరట్లోనో బాల్కనీలోనో పెట్టుకోండి. పిల్లలు రుచి చూడకుండా కనిపెట్టి ఉండండి, బెల్లం అనేసరికి వాళ్లకు ఆశ పుడుతుంది. గంజి పోయేదాకా ఉడికించిన నూలుగుడ్డను కరక్కాయ పాలలో ముంచి నీడన ఆరబెట్టండి. కరక్కాయ దొరకకపోతే చిక్కటి టీ డికాక్షన్‌లో తడిపి ఆరబెట్టిన కాగితం మీదైనా పిల్లలకు ఆ సంబరం తీరుతుంది. మూడువారాలయ్యాక నీళ్లు వడకట్టి, వెదురుపుల్ల వాళ్ల చేతికివ్వండి. గీసినప్పుడు గీత వెలవెలబోతూ ఉంటుంది. వాళ్లు ముఖం ముడుచుకునేలోగా, చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ క్షణంలో వాళ్ల కళ్లు చూడటానికైనా ఆ మూడువారాల వాసన భరించవచ్చు. ఇంకో లాభం, ఏ పనికైనా మూడువారాలు ఆగవలసి ఉంటుందని పిల్లలకు తెలుస్తుంది. అట్టపెట్టెలో దొరకని వస్తువు అదే.

పూలపని మరొకటి. తిరుమల కొండమీద పూలన్నీ స్వామివేనని, అక్కడ ఆడవాళ్లం తల్లో పువ్వు పెట్టుకోం. స్వామికి అలంకరించిన పూలు కూడా ఒకప్పుడు పూలబావిలోకే వెళ్లేవి. 2021 నుంచి దేవస్థానం ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తులు చేయిస్తోంది. ఎండిన పూలతో పటాలు కూడా చేయించారు. వాడిన పువ్వులో కూడా ఇంకా పని మిగిలి ఉందన్నమాట. మన ఇంట్లో పూజ అయ్యాక తీసే బంతిరేకలు, చామంతులు, తులసి ఆకులు పిల్లలచేత పాత టెలిఫోను డైరెక్టరీలాంటి లావుపాటి పుస్తకంలో అద్దించండి. వారం తర్వాత వాటితో నెమలి చేస్తారో, మీ అత్తగారి ముఖం చేస్తారో వాళ్ల ఇష్టం.

ఇన్ని చెబుతున్న నాకు ఇంట్లో ఏం జరిగిందో కూడా చెబుతాను. పోయిన దసరాకు మా మనవడు, ఆరేళ్లవాడు, మా పప్పుగుత్తిని తీసుకెళ్లి రెండురోజులు గదిలోంచి బయటకు రాలేదు. వచ్చేసరికి దానికి ఊలు జడ, నా రవికముక్క చీర, గుండీల వడ్డాణం. నేనేమో నవమినాడు పప్పు ఎనపాలి. "నాయనా, కాసేపు ఇవ్వరా, కడిగి ఇచ్చేస్తాను" అన్నాను.

"పెళ్లికూతుర్ని వంటింట్లో పెడతావా అవ్వా?" అన్నాడు వాడు, చాలా గట్టిగా.

మా అవ్వ ఉంటే ఆ మాటకు ఏమనేదో! ఆమె బతుకంతా చిన్నప్పటినుంచి వంటింట్లోనే గడిచింది. నేను మాత్రం మారుమాట్లాడలేదు. ఆరోజు పప్పును గరిటెతోనే ఎనిపాను, కాస్త పలుకుగా ఉన్నా ఎవరూ ఏమీ అనలేదు. పప్పుగుత్తి కొలువు పైమెట్టు మీద, కలశం పక్కన కూర్చుంది. పేరంటానికి వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు అదేమిటని అడిగారు. వాళ్లకు మనవడే జవాబు చెప్పాడు, ఆ పిల్లకు ఇంకా పెళ్లి కుదరలేదనీ, ముందు చదువుకుంటుందనీ.

మీ ఇంట్లో ఈ ఏటి కొలువుకు ఒక మెట్టు పిల్లలకు వదిలేసి చూడండి. దాని మీద ఏం పెట్టాలో మీరు చెప్పకండి. వీలైతే ఇప్పుడే ఇంకో పప్పుగుత్తి కూడా కొని ఉంచుకోండి.